ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్, డెస్క్‌టాప్ గ్రాఫిక్స్: పేరు ఒకటే, బలం వేరు

డెస్క్‌టాప్ క్యాబినెట్ పక్క పలక ఊడదీస్తే గ్రాఫిక్స్ కార్డు ఏదో ఎవరూ వేలుపెట్టి చూపించనక్కర్లేదు. మదర్‌బోర్డు స్లాటులో గుచ్చి, రెండు మూడు ఫ్యాన్లతో, పెట్టెలో అన్నిటికన్నా పెద్ద వస్తువుగా అదే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ అడుగు మూత తీస్తే మాత్రం కార్డనేది ఎక్కడా దొరకదు. మదర్‌బోర్డుకే టంకం వేసిన ఒక చిప్, దాని చుట్టూ కొన్ని మెమరీ చిప్‌లు, వాటి మీదుగా వేడిని మోసుకుపోయే చదునైన రాగి గొట్టాలు, అంతే. అయినా వాడుకలో రెండింటినీ గ్రాఫిక్స్ కార్డనే అంటాం. కొనేటప్పుడు చదివే పేరు కూడా ఒకటే. ఆర్‌టీఎక్స్ 4070 అంటే అక్కడా 4070, ఇక్కడా 4070. ఇంటిపేరు కలిసినంత మాత్రాన అన్నదమ్ములు కారన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

గ్రాఫిక్స్ ప్రాసెసర్, అంటే జీపీయూ, వేల సంఖ్యలో చిన్న చిన్న కోర్లున్న చిప్. తెర మీది లక్షల పిక్సెళ్లకు ఒకే రకం లెక్కను ఒకేసారి వేయడం దాని పని. ఆ పని ఎంత వేగంగా అవుతుందన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది: కోర్లు ఎన్ని, అవి ఎంత క్లాక్ వేగంతో తిరుగుతున్నాయి, మెమరీ నుంచి వాటికి సెకనుకు ఎంత సమాచారం అందుతోంది, వీటన్నిటినీ నడపడానికి ఎన్ని వాట్ల పవర్ దొరుకుతోంది. ప్రకటనల్లో మొదటిది పెద్దక్షరాల్లో వేస్తారు. ల్యాప్‌టాప్ విషయంలో తేల్చేది చివరిది.

4090 దగ్గరగా

ఈ తేడా స్పష్టంగా కనిపించేది ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090లో. డెస్క్‌టాప్ కార్డు 2022 అక్టోబరులో వచ్చింది. లోపలి చిప్ ఏడీ102. కోర్లు 16,384. మెమరీ 24 జీబీ, జీడీడీఆర్6ఎక్స్ రకం. మెమరీకీ చిప్‌కీ మధ్య దారి 384 బిట్ల వెడల్పు. పవర్ 450 వాట్లు. నాలుగు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరిలో, అదే అంకెతో ల్యాప్‌టాప్‌లు బజారుకొచ్చాయి. వాటిలోని చిప్ ఏడీ103. కోర్లు 9,728. మెమరీ 16 జీబీ, మామూలు జీడీడీఆర్6. దారి 256 బిట్లు. పవర్ 80 నుంచి 150 వాట్ల దాకా, ప్రాసెసర్ దగ్గర అప్పు తీసుకుంటే 175.

ఆ 9,728 అన్న అంకెను ఇంకోచోట కూడా చూస్తాం. 2022 నవంబరులో వచ్చిన డెస్క్‌టాప్ 4080లో సరిగ్గా అన్ని కోర్లే ఉన్నాయి. చిప్ కూడా అదే ఏడీ103. అంటే ల్యాప్‌టాప్ 4090 అన్నది, 320 వాట్ల డెస్క్‌టాప్ 4080ని సగం పవర్‌కు కుదించి, మెమరీ వేగం తగ్గించి, ఒక మెట్టు పై పేరు తగిలించిన వస్తువు.

గ్రాఫిక్స్ వేగాన్ని కొలిచే 3డీమార్క్ ప్రోగ్రామ్‌లోని టైమ్ స్పై పరీక్షలో గ్రాఫిక్స్ స్కోరు చూస్తే డెస్క్‌టాప్ 4090కి సుమారు 36 వేలు వస్తుంది, డెస్క్‌టాప్ 4080కి సుమారు 28 వేలు. పూర్తి 175 వాట్లు ఇచ్చే మంచి ల్యాప్‌టాప్‌లో 4090కి వచ్చేది 21, 22 వేలు. డెస్క్‌టాప్ శ్రేణిలో అది 4070 టీఐ పక్కన కూర్చుంటుంది. శాతంలో చెప్తే సొంత పేరున్న డెస్క్‌టాప్ కార్డు పనిలో అరవై వంతులు.

ఇంతవరకు చదివి మోసం అనేస్తే అదీ తొందరపాటే. అదే లెక్కను వాట్‌కు ఎంత పని అని తిప్పి చూడాలి. డెస్క్‌టాప్ కార్డు 450 వాట్లకు 36 వేలు తెచ్చుకుంది, వాట్‌కు 80. ల్యాప్‌టాప్ చిప్ 175 వాట్లకు దాదాపు 22 వేలు తెచ్చుకుంది, వాట్‌కు 125. పవర్ అరవై శాతం తగ్గితే పని నలభై శాతమే తగ్గింది. ఇంజనీరింగ్ పరంగా ల్యాప్‌టాప్ చిప్పే మెరుగైన పనివాడు. తప్పంతా పేరు పెట్టిన చోట ఉంది. కంపెనీ పత్రాల్లో పూర్తి పేరు ‘జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4090 ల్యాప్‌టాప్ జీపీయూ’ అని ఉంటుంది, నిజమే. దుకాణంలో ఆ చివరి రెండు మాటలు పలికేవాళ్లు తక్కువ.

తర్వాతి తరంలో ఈ అంతరం ఇంకా పెరిగింది. 2025 జనవరి చివర వచ్చిన డెస్క్‌టాప్ 5090లో 21,760 కోర్లు, 32 జీబీ మెమరీ, 575 వాట్లు. ఆ మార్చి చివర వచ్చిన ల్యాప్‌టాప్ 5090లో 10,496 కోర్లు, 24 జీబీ, పై పరిమితి మళ్లీ అదే 175 వాట్లు. కోర్లు సగం కూడా లేవు. డెస్క్‌టాప్ కార్డుల ఆకలి తరం తరానికీ పెరుగుతూ పోతోంది. ల్యాప్‌టాప్ సన్నగానే ఉండాలి, ఒళ్లో పెట్టుకోవడానికి వీలుగా ఉండాలి. కాబట్టి పై మెట్టులో ఈ ఎడం మూసుకుపోయే సూచన లేదు.

వాట్లు ఎందుకు తేలుస్తాయి

చిప్ మింగే పవర్ దాని క్లాక్ వేగానికి అనులోమంగా పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం వర్గంలో పెరుగుతుంది. క్లాక్ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచక తప్పదు. దాంతో పై అంచున చివరి ఐదారు శాతం వేగం కోసం పెట్టే ఖర్చు విపరీతం. డెస్క్‌టాప్ కార్డులను కంపెనీలు ఆ అంచుకు తోసి అమ్ముతాయి. ఒక్కో ఫ్రేముకూ పోటీ ఉంటుంది, కరెంటు బిల్లు కట్టేది కొన్నవాడు. డెస్క్‌టాప్ 4090 పవర్ పరిమితిని 70 శాతానికి దించిన చాలామందికి ఆటల్లో పోయింది కొద్ది శాతమే. ల్యాప్‌టాప్ చిప్ ఆ అంచుకు చాలా కింద, వోల్టేజీ తక్కువగా ఉన్న చోట పనిచేస్తుంది. డెస్క్‌టాప్ 4090 బూస్ట్ క్లాక్ 2,520 మెగాహెర్ట్జ్. ల్యాప్‌టాప్ 4090కి వాట్లను బట్టి 1,455 నుంచి 2,040 వరకు. ఒకే పేరు, ఒకే చిప్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్యే ఇంత తేడా ఉందంటే, దేనితో పోలుస్తున్నామో ముందు అడగాలి.

వేడి సంగతికొస్తే, చిప్ మింగిన ప్రతి వాటూ వేడిగా బయటికి రావలసిందే. పెద్ద డెస్క్‌టాప్ కార్డు రెండు కిలోలు దాటుతుంది. అందులో చిప్ బరువు కొన్ని గ్రాములు, మిగతాదంతా వేడిని మోసే లోహం. స్లాటులో కార్డు వంగిపోకుండా కింద ఊతకర్ర లాంటి స్టాండు కూడా ఇస్తుంటారు. తెర, కీబోర్డు, బ్యాటరీ, ప్రాసెసర్ అన్నీ కలిసిన గేమింగ్ ల్యాప్‌టాప్ మొత్తం రెండున్నర, మూడు కిలోలుంటుంది. అందులో వేడి మోసే సామాను ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. పైగా ల్యాప్‌టాప్‌లో జీపీయూకీ ప్రాసెసర్‌కీ చాలావరకు ఉమ్మడి గొట్టాలే. ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలు ఎక్కించినట్టు, ఒకదానికి మంట పెంచితే రెండోదీ పొంగుతుంది. ఎన్విడియా డైనమిక్ బూస్ట్ అనేది దీన్నే పద్ధతిగా నడిపే ఏర్పాటు: ప్రాసెసర్ తీరిగ్గా ఉన్న క్షణంలో దాని వాటాలోంచి 15, 25 వాట్లు తీసి జీపీయూకు ఇస్తుంది, ప్రాసెసర్‌కు పని తగిలితే తిరిగి ఇచ్చేస్తుంది.

ఇది తెరమీద ఎలా కనిపిస్తుందో ఒకసారి చూస్తే బాగా అర్థమవుతుంది. చిప్ వాట్లు, ఉష్ణోగ్రత చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రామ్ తెరిచి పక్కన బరువైన ఆట నడపండి. మొదటి నిమిషంలో గొట్టాలు, లోహం అంతా చల్లగా ఉంటాయి. జీపీయూ తన పూర్తి వాట్లు లాగుతుంది, అంకెలు చూడముచ్చటగా ఉంటాయి. లోహం వేడెక్కే కొద్దీ ఫ్యాన్ల హోరు పెరుగుతుంది. కూలింగ్ చాలని ల్యాప్‌టాప్‌లో పదో నిమిషానికి ఉష్ణోగ్రత 87 డిగ్రీల దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది, దానికి బదులు వాట్లు దిగడం మొదలవుతుంది: 140, 128, 115. ఆట ఆగదు, చెడిపోదు. ఫ్రేములు మాత్రం మెల్లగా జారుకుంటాయి. 3డీమార్క్ స్ట్రెస్ టెస్టు ఇందుకే ఒకే దృశ్యాన్ని ఇరవైసార్లు వరుసగా నడిపి, అతి తక్కువ ఫలితం అతి ఎక్కువ ఫలితంలో 97 శాతానికి తగ్గకపోతేనే పాస్ అంటుంది. రెండు నిమిషాల స్కోరు చూపించి ల్యాప్‌టాప్‌ను డెస్క్‌టాప్‌తో సమానమనే పోలికలను ఈ పరీక్ష చాలావరకు కొట్టిపారేస్తుంది.

ఏసీ గదిలో చేసిన సమీక్షలు మన వేసవికి సరిపోవు. చిప్ ఉష్ణోగ్రతకూ గది గాలి ఉష్ణోగ్రతకూ మధ్య తేడాయే వేడిని బయటికి లాగే బలం. గది 25 డిగ్రీలుంటే 87కు ఇంకా 62 డిగ్రీల ఎడం ఉంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 40కి చేరితే మిగిలే ఎడం 47. అదే ఫ్యాన్, అదే గొట్టం దాదాపు నాలుగోవంతు తక్కువ వేడిని మాత్రమే మోయగలవు. డెస్క్‌టాప్‌కూ ఈ సూత్రమే వర్తిస్తుంది గానీ, పెద్ద కార్డు మామూలుగా 65, 70 డిగ్రీల దగ్గరే నడుస్తుంది కాబట్టి పదిహేను డిగ్రీలు పెరిగినా తట్టుకునే చోటు ఉంటుంది. ల్యాప్‌టాప్ అంచు మీదే నడుస్తుంది, దానికి ఆ చోటు లేదు. ఇక పరుపు మీద పెట్టి ఆడేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. గాలి పీల్చే రంధ్రాలు అడుగునే ఉంటాయి.

పేర్ల చరిత్ర

ఒకప్పుడు పేర్లు ఇంత కలగాపులగంగా లేవు. ఎన్విడియా తొలి ల్యాప్‌టాప్ చిప్ 2000 సంవత్సరం చివర జీఫోర్స్2 గో పేరుతో వచ్చింది. ఆ పేరులోనే తేడా తెలిసేది. తర్వాత ‘గో’ పోయి చివర ‘ఎం’ అక్షరం వచ్చింది. ఎం ఉంటే మొబైల్, లేకపోతే డెస్క్‌టాప్. కాకపోతే అక్షరం ఉన్నా అంకె మాత్రం అప్పుడూ పెద్దదే వేసేవాళ్లు. 2010 నాటి డెస్క్‌టాప్ జీటీఎక్స్ 480లో 480 కోర్లు, 480ఎంలో 352. మరుసటి ఏడాది 580ఎంలో పెట్టింది అసలు 580 చిప్ కాదు, డెస్క్‌టాప్ 560 టీఐ చిప్. పై మెట్టు పేరు కింది మెట్టుకు పెట్టడం 4090తో మొదలైన అలవాటు కాదు.

ఎడం బాగా తగ్గిన కాలం 2015, 2016. 2014 నాటి 980ఎంలో 1,536 కోర్లుంటే డెస్క్‌టాప్ 980లో 2,048. 2015 సెప్టెంబరులో ఎన్విడియా ఆ పూర్తి 2,048 కోర్ల చిప్‌నే లావుపాటి ల్యాప్‌టాప్‌లకు ఇచ్చింది. 2016 ఆగస్టులో పాస్కల్ తరం వచ్చేసరికి ‘ఎం’ అక్షరాన్నే తీసేసింది. డెస్క్‌టాప్ పనితీరుకు పది శాతం లోపు తేడాలో ఉంటాయని కంపెనీ చెప్పుకుంది, అది చాలావరకు నిలబడింది కూడా. 1060లో రెండు చోట్లా 1,280 కోర్లు, 1080లో రెండు చోట్లా 2,560. 1070లోనైతే ల్యాప్‌టాప్‌కే 2,048, డెస్క్‌టాప్‌కు 1,920. తక్కువ క్లాక్‌ను ఎక్కువ కోర్లతో సరిపెట్టారు. డెస్క్‌టాప్ 1080 మింగేది 180 వాట్లే. ఆ తరంలో పేరు కలవడానికి కారణం అదే: ల్యాప్‌టాప్‌లో పట్టే పవర్‌తోనే డెస్క్‌టాప్ కూడా నడిచింది.

ఆ నమ్మకాన్ని చెడగొట్టింది సన్నదనం మోజు. 2017లో మ్యాక్స్-క్యూ అనే తోక వచ్చింది. రాకెట్ ఎగిరేటప్పుడు గాలి ఒత్తిడి గరిష్ఠంగా ఉండే క్షణానికి వాడే మాటను తెచ్చి, తక్కువ పవర్‌తో నడిచే చిప్‌లకు పెట్టారు. 2019లో ఆర్‌టీఎక్స్ 2080 మ్యాక్స్-క్యూ 80 వాట్ల నుంచి మొదలైంది. డెస్క్‌టాప్ 2080 అప్పుడు 215 వాట్లు. అయినా తోక ఉన్నంతకాలం కొనేవాడికి కాస్త ఆధారం ఉండేది. 2021 జనవరిలో 30 శ్రేణితో ఆ తోకనూ పేరులోంచి తీసేశారు. ల్యాప్‌టాప్ 3080 అంటే 80 వాట్లది కావచ్చు, 150 దాటినది కావచ్చు, పేరు ఒకటే. చిప్ కూడా డెస్క్‌టాప్‌ది కాదు: అక్కడ జీఏ102తో 8,704 కోర్లు, ఇక్కడ జీఏ104తో 6,144. తక్కువ వాట్ల 3070ని పూర్తి వాట్ల 3060 దాటిపోయిన సందర్భాలు ఆ రోజుల సమీక్షల్లో కనిపిస్తాయి. డబ్బు ఎక్కువ పెట్టి తక్కువ వేగం కొనుక్కోవడమంటే అదే. గోల పెరిగాక వాట్లూ క్లాక్ వేగాలూ వెబ్‌సైట్లలో చెప్పాలని ఎన్విడియా తయారీదారులను కోరింది. ఇప్పుడు చాలామంది చెబుతున్నారు, వివరాల పట్టికలో బాగా కింద.

తేడా దాదాపు లేని చోటు

మెట్లు దిగే కొద్దీ ఈ కథ చల్లబడుతుంది. డెస్క్‌టాప్ 4060లో 3,072 కోర్లు, 8 జీబీ మెమరీ, 115 వాట్లు. ల్యాప్‌టాప్ 4060లో కూడా అవే 3,072 కోర్లు, అదే 8 జీబీ, పై పరిమితి అవే 115 వాట్లు. టైమ్ స్పైలో రెండింటి గ్రాఫిక్స్ స్కోరూ పదివేల ఐదువందల చుట్టూ తిరుగుతుంది. డెస్క్‌టాప్ కార్డే చిన్నదైనప్పుడు దాన్ని కుదించాల్సిన పనే లేదు. అయితే ఇదే 4060ని 35 వాట్ల దాకా దించి అమ్మే వీలు కూడా తయారీదారులకు ఉంది. సన్నటి ల్యాప్‌టాప్‌లో ఆ పేరు చూసి మురిసిపోయే ముందు ఆ అంకె అడగాలి.

అంతకు ముందు తరంలో ఇంకో వింత. ల్యాప్‌టాప్ 3060లో 3,840 కోర్లుంటే డెస్క్‌టాప్ 3060లో 3,584. కోర్లు ల్యాప్‌టాప్‌కే ఎక్కువ. కానీ డెస్క్‌టాప్ కార్డుకు 170 వాట్లు, 12 జీబీ మెమరీ ఉండగా ల్యాప్‌టాప్‌ది 6 జీబీ. కొత్త ఆటలు పెద్ద టెక్స్చర్లు అడగడం మొదలుపెట్టాక ఆ ఆరు జీబీ తేడాయే బయటపడింది.

మధ్య మెట్టే అసలు చిక్కు. డెస్క్‌టాప్ 4070లో 5,888 కోర్లు, 12 జీబీ, 200 వాట్లు. ల్యాప్‌టాప్ 4070లో 4,608 కోర్లు, 8 జీబీ, 192 బిట్ల దారికి బదులు 128. స్కోర్లు సుమారు 17,800 ఒకవైపు, 12,000 పైచిలుకు మరోవైపు. ల్యాప్‌టాప్ 4060కీ 4070కీ మధ్య ఎడం తక్కువ, మెమరీ సమానం, ధరలో తేడా మాత్రం గట్టిగానే ఉండేది. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ తరం మొత్తంలో అన్నిటికన్నా తక్కువ సమర్థించదగిన కొనుగోలు ల్యాప్‌టాప్ 4070.

మెమరీ

ఆటలాడేవాళ్లు ఫ్రేములు లెక్కపెడతారు. వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్, సొంత కంప్యూటర్‌లో కృత్రిమ మేధ నమూనాలు నడపడం చేసేవాళ్లకు ముందు కావలసింది గ్రాఫిక్స్ మెమరీ. అక్కడ తేడా శాతాల్లో ఉండదు; పని అవుతుందా కాదా అన్నదే. 4 బిట్లకు కుదించిన 700 కోట్ల పారామీటర్ల భాషా నమూనా నాలుగైదు జీబీల్లో ఇముడుతుంది, 8 జీబీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. అదే పద్ధతిలో 3,200 కోట్ల నమూనాకు దాదాపు 20 జీబీ కావాలి. డెస్క్‌టాప్ 4090లోని 24 జీబీలో అది పడుతుంది, ల్యాప్‌టాప్ 4090లోని 16 జీబీలో పట్టదు. పట్టనిది మామూలు ర్యామ్‌లోకి పొంగి, నడక నత్తనడక అవుతుంది.

పట్టిన నమూనాలోనూ ఒక్కో పదాన్ని పుట్టించే వేగం ఎక్కువగా మెమరీ వేగం మీదే ఆధారపడుతుంది. డెస్క్‌టాప్ 4090 మెమరీ సెకనుకు 1,008 గిగాబైట్లు అందిస్తే ల్యాప్‌టాప్‌ది 576. ఈ పనిలో మాత్రం కోర్ల నిష్పత్తి చూడకుండా ఈ రెండంకెలు చూసినా చాలు. ల్యాప్‌టాప్ 5090కి 24 జీబీ ఇవ్వడంతో పెద్ద నమూనాలకు కాస్త చోటు దొరికింది.

వర్క్‌స్టేషన్ శ్రేణిలోనూ తీరు ఇదే. ఆర్‌టీఎక్స్ 5000 ఏడా పేరుతో డెస్క్‌టాప్ కార్డుకు 12,800 కోర్లు, 32 జీబీ. అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌కు 9,728 కోర్లు, 16 జీబీ.

బొమ్మ తెరకు చేరే దారి

ల్యాప్‌టాప్‌లో ఇంకో నష్టం ఉంది, అది చిప్ తప్పు కాదు. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న చిన్న గ్రాఫిక్స్ ఒకటి, విడి జీపీయూ ఒకటి, రెండుంటాయి. బ్యాటరీ ఆదా కోసం 2010లో ఎన్విడియా తెచ్చిన ఆప్టిమస్ పద్ధతిలో ల్యాప్‌టాప్ తెర చిన్నదానికే కట్టి ఉంటుంది. పెద్దది గీసిన ప్రతి ఫ్రేమునూ చిన్నదాని మెమరీలోకి నకలు చేసి, అక్కణ్నుంచి తెరకు పంపుతారు. సెకనుకు 60 ఫ్రేములున్నప్పుడు ఇది పెద్దగా తెలియదు. 200 దాటే పోటీ ఆటల్లో బాగా కొరుకుతుంది. దీనికి మందు మక్స్ స్విచ్: తెర తీగను నేరుగా పెద్ద జీపీయూకు మార్చే ఏర్పాటు. 2020లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ఆప్టిమస్ ఆ మార్పును రీస్టార్ట్ లేకుండానే చేస్తుంది. చవక ల్యాప్‌టాప్‌లో ఈ స్విచ్ లేకపోతే, విడి జీపీయూకు నేరుగా కలిసిన పోర్టు ఉంటే దానికి బయటి మానిటర్ తగిలించడం ఒక ఉపాయం.

తెర కొలత కూడా పోలికను తప్పుదోవ పట్టిస్తుంది. ఈ మధ్య ల్యాప్‌టాప్‌ల తెరలు 2560×1600, డెస్క్‌టాప్ మానిటర్లు 2560×1440. ల్యాప్‌టాప్ ప్రతి ఫ్రేముకూ పదకొండు శాతం ఎక్కువ పిక్సెళ్లు గీస్తోందన్నమాట. దీనికి సరిగ్గా ఎదురు తప్పు 1080పీలో పోల్చడం. ఆ కొలతలో పెద్ద కార్డుకు పని చాలదు, ప్రాసెసరే వేగాన్ని ఆపేస్తుంది, దాంతో డెస్క్‌టాప్ 4090 కూడా ల్యాప్‌టాప్‌కు దగ్గరగా కనిపిస్తుంది. 4కేకి పెంచితే ఎవరి ఊపిరి ఎంతో తేలిపోతుంది.

మిగతా కంపెనీలు

ఏఎండీ ‘ఎం’ అక్షరాన్ని వదల్లేదు, అంతవరకు మెచ్చుకోవాలి. మెట్టు మార్చే అలవాటు మాత్రం వాళ్లకూ ఉంది. 2021 నాటి ఆర్‌ఎక్స్ 6800ఎంలో ఉన్నది 2,560 షేడర్ల, అంటే కోర్ల, నావి 22, అంటే డెస్క్‌టాప్ 6700 ఎక్స్‌టీ చిప్. అసలు డెస్క్‌టాప్ 6800లో 3,840 షేడర్లు. ఇంటెల్ ఆర్క్ 2022లో ముందుగా ల్యాప్‌టాప్‌లతోనే అడుగుపెట్టింది. ఆపిల్ దగ్గర ఈ ప్రశ్నే వేరు. 2020 నవంబరులో ఎం1 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ మ్యాక్ మినీలోనూ ఒకటే వచ్చింది. ఫ్యాన్ లేని ఎయిర్ ఎక్కువసేపు నడిస్తే నెమ్మదిస్తుంది, ఫ్యాన్ ఉన్న మినీ నెమ్మదించదు. అక్కడ మిగిలిన తేడా చాలావరకు వేడిదే. 2025లో ఏఎండీ రైజెన్ ఏఐ మ్యాక్స్ ప్లస్ 395 కూడా ఆ దారే పట్టింది: విడి జీపీయూ లేకుండా, ప్రాసెసర్‌లోనే 40 గ్రాఫిక్స్ యూనిట్లు, 128 జీబీ వరకు ఉమ్మడి మెమరీ.

ప్లగ్గు, బ్యాటరీ, కరెంటు

ల్యాప్‌టాప్ పనితీరు గురించి చెప్పిన ప్రతి మాటా ఛార్జరు గుచ్చి ఉన్నప్పటిదే. విమానంలో అనుమతి అడక్కుండా తీసుకెళ్లగల బ్యాటరీ పరిమితి 100 వాట్-అవర్. అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌ల మీద 99 అనే అంకె కనిపిస్తుంది. జీపీయూ ఒక్కటే 175 వాట్లు లాగితే ఆ బ్యాటరీ 34 నిమిషాలు కూడా రాదు. పైగా అంత వేగంగా ఇవ్వడం బ్యాటరీకి మంచిది కాదు. కాబట్టి ప్లగ్గు తీయగానే జీపీయూ పవర్‌ను బాగా తగ్గించేస్తారు. గేమింగ్ ల్యాప్‌టాప్‌ను ఎక్కడైనా ఆడుకోవచ్చు అనడం కన్నా, ఏ ప్లగ్గు దగ్గరైనా ఆడుకోవచ్చు అనడం సరి.

అయినా కరెంటు పోయే ఊళ్లో ఆ బ్యాటరీ విలువ వేరు. చేస్తున్న పని పోదు. డెస్క్‌టాప్ 4090కి ఎన్విడియా సూచించే పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) 850 వాట్లది. మన ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు, అది కార్డు ఒక్కదానికే చాలదు. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఒక్క కూత కూసి తానూ ఆగిపోతుంది. ఇక మీటరు లెక్క: రోజుకు నాలుగు గంటలు పూర్తి బరువు మీద నడిస్తే డెస్క్‌టాప్ కార్డు 1.8 యూనిట్లు, ల్యాప్‌టాప్ చిప్ 0.7 యూనిట్లు. నెలకు 33 యూనిట్ల తేడా.

మార్చుకోవడం

డెస్క్‌టాప్‌లో నాలుగేళ్ల తర్వాత కార్డు ఒక్కటీ పీకి కొత్తది గుచ్చుకోవచ్చు, పాతది అమ్ముకోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల్లో విడిభాగాల వ్యాపారమంతా ఈ సౌకర్యం మీదే పెరిగింది. ల్యాప్‌టాప్‌లో చిప్ పోతే బోర్డు పోయినట్టే. 2008లో ఎన్విడియా ల్యాప్‌టాప్ చిప్‌ల టంకం బలహీనంగా ఉండి పెద్ద సంఖ్యలో పాడైనప్పుడు కంపెనీ 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. చిప్ పాడైనవాళ్లకు కార్డు ఒక్కటీ మార్చుకునే వీలు లేకపోయింది.

2004లో మొదలైన ఎంఎక్స్‌ఎం అనే మార్చుకోదగ్గ మాడ్యూల్ పద్ధతి ఆశ పుట్టించింది గానీ, సన్నదనానికి అడ్డమై గేమింగ్ ల్యాప్‌టాప్‌ల నుంచి తప్పుకుంది. ఈ మధ్య ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 16 అంగుళాల ల్యాప్‌టాప్ వెనక భాగంలో ఊడదీసి మార్చుకునే గ్రాఫిక్స్ మాడ్యూల్ పెట్టింది. ముందు ఏఎండీ ఆర్‌ఎక్స్ 7700ఎస్ ఇచ్చి, 2025లో ఆర్‌టీఎక్స్ 5070 ల్యాప్‌టాప్ చిప్‌తో కొత్త మాడ్యూల్ ప్రకటించింది. ఇంకో దారి డెస్క్‌టాప్ కార్డునే విడి పెట్టెలో పెట్టి తీగతో ల్యాప్‌టాప్‌కు కలపడం. థండర్‌బోల్ట్ 3 తీగలో గ్రాఫిక్స్‌కు దొరికేది డెస్క్‌టాప్ స్లాటులోని పదహారు డేటా లేన్లకు బదులు నాలుగే. కార్డు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ భాగం ఆ తీగ దగ్గరే ఆగిపోతుంది.

దుకాణంలో ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంటే అడగకుండానే తెలుసుకునే మార్గం ఒకటుంది. విండోస్ తెరలో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరవండి. కింద ఎడమ మూలన సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని చిన్న లింకు ఉంటుంది. అందులో గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ అనే వరుసలో వాట్ల అంకె, దాని దగ్గరే మెమరీ ఎన్ని బిట్లదో, ఎన్ని జీబీలో కనిపిస్తాయి. ఆ అంకె 60 ఉంటే మూత మీద ఏ పేరున్నా అది 60 వాట్ల కార్డే.